శనివారం నుంచి శనివారం దాకా

మా పాత గడ్డికొట్టాన్ని
రెండు గదుల సెలవు ఇల్లుగా మార్చి పద్నాలుగేళ్ళు.
శనివారం మూడింటికి తాళం ఇస్తాను,
పై శనివారం పదింటికి తీసుకుంటాను.
మధ్యలో ఎవరెవరి సెలవులో
ఈ వేల్స్ కొండ కింద వేలాడుతుంటాయి,
ఎంతకీ ఆరని మేజోళ్ళలా.

ఈసారి వచ్చింది వుల్వర్‌హాంప్టన్ నుంచి, డెల్‌రాయ్.
సిటీ బస్సు నడుపుతాడట.
ఇద్దరు పిల్లలు. కారు ముందు సీటులో
ఒక దిండు, ఒక రొట్టెల డబ్బా.
నేనేమీ అడగలేదు.
అడగకపోవడం కూడా ఈ ఇంటి అద్దెలో కలిసే ఉంటుంది.

వాన తగలకుండా ప్లాస్టిక్ తొడుగులో
అతని దగ్గరొక జాబితా.
సోమవారం పొగబండి, మంగళవారం పలకరాతి గని,
బుధవారం కోట, గురువారం గద్దల ప్రదర్శన.
వేళలతో సహా రాసుకున్నాడు,
ఒక్క నిమిషం జాగైతే స్టాపులో జనం తిడతారన్నట్టు.

పొగబండి మొదటి మలుపులోనే దగ్గి ఆగిపోయింది.
రూబెన్‌కి చీకటంటే భయమని
గని లోపలికి దిగాక గానీ తెలియలేదు వాళ్ళ నాన్నకి.
కోట అంటే నాలుగు గోడలు, వాటి మధ్య వాన.
"కప్పు వేయడం మరిచిపోయారా?" అని
పదకొండేళ్ళ ఇమానీ అడిగితే
టికెట్లావిడ నవ్వలేదట.

సాయంత్రం నా పొయ్యి దగ్గర చిన్న బూట్లు ఆరబెడుతూ
"రేపెలా ఉంటుందమ్మా?" అంటాడు డెల్‌రాయ్,
మబ్బులకి మేస్త్రీని నేనే అయినట్టు.
"కాస్త తెరిపిస్తుంది" అంటాను.
మూలనుంచి మా ఇద్వల్ "హూఁ" అంటాడు.
డెబ్బయ్యేళ్ళుగా ఇదే ఆకాశాన్ని చూసినవాడి హూఁ.

రూబెన్‌కి జాబితాతో పని లేదు.
పొద్దున్నే పై పొలం గేటు దగ్గర హాజరు.
కింది కడ్డీ ఎక్కి దానితోపాటే ఊగుతూ తెరవడం,
ట్రాక్టరు పోయాక టంగుమని గొళ్ళెం వేయడం.
జీతం, పూటకో పిప్పరమెంటు బిళ్ళ.

గురువారం గాలికి గద్దలు ఎగరనన్నాయి.
డబ్బు వాపసు తీసుకుని, మూతులు ముడుచుకుని
వాళ్ళు కారు దిగేసరికి
గేటు బార్లా తీసి ఉంది.
నూటపది గొర్రెలు
బడి వదిలినట్టు దారిన పడ్డాయి.
కొన్ని చర్చి వైపు, కొన్ని
మిసెస్ ప్రిచర్డ్ బఠానీ పాదుల్లోకి.

ఇమానీ చేతులు బారజాపి రోడ్డుకి అడ్డం నిలబడింది.
డెల్‌రాయ్ ఇస్త్రీ చొక్కాతో
ఒక ముసలి గొర్రె వెంట పరుగు.
అది వెనక్కి తిరిగేసరికి, దాని ముందు పరుగు.
మా కుక్క ఫ్లాస్ మమ్మల్ని చూసి సిగ్గుపడింది.
కాలువ గట్టున జారి, నడుం దాకా బురదలో
లేవకుండా అక్కడే కూర్చుని నవ్వాడతను.
ముందు చిన్నగా, తర్వాత ఊపిరాడనంతగా,
ఆ తర్వాత, అది నవ్వేనా అని
నాకు అనుమానం వచ్చేంతగా.
ఇమానీ వెళ్ళి పక్కనే కూర్చుంది. బురదలోనే.

చీకట్లో లెక్కపెట్టాం, ఇద్వల్ మా పాత అంకెలతో:
ఈన్, దై, త్రీ, పెద్వార్, పింప్...
నూటతొమ్మిది. మళ్ళీ నూటతొమ్మిది.
"గొళ్ళెం నేనే" అన్నాడు రూబెన్, నేలతో.
ఇద్వల్ కాసేపు మీసం నమిలాడు.
"రేపు ఆరింటికల్లా డ్యూటీకి రా."

శుక్రవారం జాబితాలో ఏముందో నాకు తెలియదు.
ఫ్లాస్కు, ఉడకబెట్టిన గుడ్లు పట్టుకుని
ముగ్గురూ కొండెక్కారు.
మూడో పొలం చివర, ముళ్ళకంచె పక్కన
ఒంటరిగా నిలబడి ఉందట నూటపదోది,
చివరి బస్సు కోసం చూస్తున్నట్టు.
"ఎక్కు" అన్నాడట డెల్‌రాయ్.

శనివారం పదింటికి తాళం మేకుకి తగిలించి వెళ్ళారు.
దారి చివర గేటు దగ్గర కారు ఆగింది.
రూబెన్ దిగి, వేసి, రెండుసార్లు లాగి చూశాడు.
కారు కదిలింది. మళ్ళీ ఆగింది.
మళ్ళీ దిగి చూసి ఎక్కాడు.

మూడింటికి ఇంకెవరో వస్తారు.
దుప్పట్లు ఇంకా తడిగానే ఉన్నాయి.