పోలికకు ఒక డాలరు

న్యూఫౌండ్‌ల్యాండ్‌లో జూన్ వచ్చినా చలి దిగలేదు.
పొగమంచు దారి తప్పిన మనిషిలా
ఫర్ చెట్ల మధ్య ఆగి ఆగి నడుస్తోంది.

మొన్నటిదాకా ఈ చెట్లను కోసినవాణ్ణి.
ఇప్పుడు మెడలో భూతద్దం, సంచిలో ఫారాలు,
మానుకు ఉత్తరం వైపు ముఖం ఆనించి
గోరంత బూడిదరంగు కోసం వెతికే కొలువు.

ఇదిగో, నా గుండె ఎత్తులో ఒకటి.
తడిస్తే నీలం, ఎండితే బూడిద,
పైకి మడిచిన అంచుల కింద తెల్లటి నూగు,
ఉన్నిచొక్కా చిరిగి బెరడుకు తగులుకున్నట్టు.
ఎన్నిటిని రంపం పళ్ళకు పెట్టానో.
అప్పట్లో దీనికి పేరుందని తెలీదు.
తెలిసినా కోసేవాణ్ణే. ఇంట్లో తినే నోళ్ళు ఆరు.

ఫోటోలో కొలత తెలియడానికి
పక్కన ఏదైనా పెట్టమంది థిర్జా హిస్కాక్.
జేబులో దొరికింది డాలరు నాణెం.
దాని మీద లూన్ పక్షి,
కదలని నీళ్ళలో ఎప్పటికీ ఈదుతూ.
ఈ లైకెన్, ఆ నాణెం, దాదాపు ఒకే సైజు.

కొలను మీది లూన్‌కొక ఫారం, దీనికొకటి.
లూన్‌ది చకచకా నిండింది.
రాజ్యం జంతువులది, తరగతి పక్షులది,
క్రమంలోనూ కుటుంబంలోనూ
తనవాళ్ళు తప్ప పరాయివాళ్ళు లేరు.
స్థితి: పెద్దగా ఆందోళన లేదు.
రాత్రిపూట అది ఏడ్చే ఏడుపు వింటే
ఆ సంగతి దానికింకా ఎవరూ చెప్పలేదనిపిస్తుంది.

లైకెన్ దగ్గర మొదటి గడిలోనే పెన్ను ఆగింది.
ఇది ఒకటి కాదు, ఇద్దరు.
గోడలు కట్టే శిలీంధ్రం,
లోపల వెలుతురుతో వంట చేసే నీలాకుపచ్చ కణాలు.
రెండు రాజ్యాలు, ఒక కాపురం.
"శిలీంధ్రం పేరే రాయి, నియమం అంతే" అంది థిర్జా.

మా అమ్మ గుర్తొచ్చింది.
నాన్న తెచ్చిన కాడ్ చేపల్ని
కర్రమంచెల మీద పరిచి,
వాన వాసన రాగానే బోర్లించి, మళ్ళీ తిప్పి,
ఉప్పుకు పగిలిన వేళ్ళను నోట్లో పెట్టుకునేది.
షావుకారు ఖాతాలో మాత్రం
ఆంబ్రోస్ స్నూక్, పదకొండు క్వింటాళ్ళు.

చివరి గడిలో రాశాను: తీవ్ర ప్రమాదం.
అది ఒకరికా, ఇద్దరికా?
థిర్జాను అడగలేదు.

నాణెం తీశాను. లూన్ వీపు మీద
బెరడు తడి ఒక చుక్క.
తుడవకుండానే జేబులో వేసుకుని
తర్వాతి మానుకు
ఉత్తరం వైపు వెళ్ళాను.