వెక్స్‌ఫర్డ్ నక్ష

హన్మకొండ ఇరిగేషన్ ఆఫీసుల
యాకూబ్ పాషా సార్ బల్ల మీద
వడ్డేపల్లి చెరువు నక్షకు వెనుక అతికిన మందపు కాయితం
ఒకనాడు తేమకు విడింది.

లోపల సముద్రం.

ఐర్లండ్‌ల ఆగ్నేయం మూల, వెక్స్‌ఫర్డ్ జిల్లా.
నీళ్ళ మీద చీమల బారు లెక్క అంకెలు,
మూడు, రెండు, ఒకటిన్నర.
లోతులు. అడుగులల్ల.
"ఇదేం సముద్రం భై, బర్రె కూడ మునగది"
అద్దాలు నొసటికెత్తి నవ్విండు సార్.

స్లేనీ అనే నది
వాయవ్యం నుంచి దిగొచ్చి ఊరి పక్కన వెడల్పయితది.
పడమటొడ్డున రేవు,
రేవెంట సన్నటి బజారు, మన పిన్నవారి వీధి తీరు,
ఎదురుంగ బండొస్తే ఎవరో ఒకరు వెనక్కి జరగాలె.
సముద్రంల కలిసే కాడ ఇసుక మేట.
నది మోసుకొచ్చిన ఒండ్రు నది గొంతులనే పడి
పెద్ద ఓడలు అలిగి
పన్నెండు మైళ్ళవతల రోస్‌లేర్‌కు పోయినయి.
ఆ ఊరి పేరుకు అర్థమే బురదమేటల పాయ అని
లైబ్రరీల చూసొచ్చి చెప్పిన.
"అక్కడ కూడ పూడికేనా" అన్నడు సార్,
చాయ్ చల్లారిందాక ఇంకేం అనలే.

ఊరికి ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి చదును తుండ్లు,
కట్ట పోసి, నీళ్ళు తోడి, కడలి చేతుల నుంచి గుంజుకున్న పొలాలు.
చలికాలం గ్రీన్‌లాండ్ బాతులు దిగుతయట.
పంపు ఆగితే మళ్ళ నీళ్ళేనట.
శిఖం భూములు, అన్నడు సార్,
ఎర్ర పెన్సిల్ చెక్కుకుంట.

ఆ ఆగస్టుల నాలుగు దినాలు వాన తెరిపియ్యలే.
శిఖంల లేచిన కాలనీ వాళ్ళు
తడిసిన రిజిస్ట్రీ కాయితాలు సంచులల్ల పెట్టుకొని
మా వరండల నిలబడ్డరు.
చెన్నోజు సుగుణమ్మ కుట్టుమిషన్‌ను మంచమెక్కిచ్చి వచ్చింది.
"నాది ఇల్లా, చెరువా? ఒక్కటి చెప్పుండ్రి."

సార్ రెండు కాయితాలు ఒకదాని మీదొకటి పరిచి
అద్దం బల్ల కింద లైటేసిండు.
చెరువు కట్ట మీదికి వెక్స్‌ఫర్డ్ రేవు తేలింది.
ఆమె ఇల్లున్న కాడ
ఎన్నడో ఏ నావికుడో రాసిన అంకె.
"ఒకటిన్నర" అని చదివిందామె,
"అవు, గంతనే ఉన్నయి నీళ్ళు మా ఇంట్ల."

ఆ జవాబుకు మా రిజిస్టర్ల గడి లేదు.

సార్ రిటైరయినంక, ఎండల్ల,
పిట్టల ఐలయ్య తెప్ప మీద నేను చెరువంతా తిరిగిన.
ఆయన వెదురు గడ దించుడు, నేను అంకె రాసుడు.
నాలుగు. మూడు. కాలనీ దిక్కు సున్న, సున్న, ప్లాస్టిక్ కవర్, సున్న.
తూము ముందట ఒక్క కాడ
గడ మొత్తం పోయింది, ఐలయ్య మోచెయ్యి దాక తడిసింది.
అడుగు తగలలే.
ఆడ ఏం రాయకుంట తెల్లగ ఇడిచిపెట్టిన.