చేరారా

జూన్ నెల చిత్తూరు.
మామిడికాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీ గేటు నుంచి
గిరింపేట మలుపుదాకా బారులు తీరి ఉన్నాయి.
ఊరంతా తోతాపురి వాసన అంటారు.
అంటారు, అంతే.
నాలుగేళ్ల కింద ఒక జ్వరం వచ్చి, పోతూ పోతూ
నా వాసనల్ని వెంటబెట్టుకు పోయింది.
ల్యాబులో పని కదా, అదృష్టవంతురాలివన్నారు అందరూ.

మధ్యాహ్నం దేశమ్మ వచ్చింది.
ఫ్యాక్టరీలో కాయలు కోస్తుంది.
బొటనవేలి మీద కత్తి జారి మూడు దినాలు.
"చీము కూడా పట్టలేదు మే, ఊరికే మండతాంది"
అంది, అది తన తప్పయినట్టు.
మణికట్టుదాకా ఎరుపు పాకింది.

గాజుపలక మీద ఆమె నెత్తురు బొట్టు.
రంగు పోసి, కడిగి, ఆరబెట్టి, నూనెచుక్క వేసి
కన్ను ఆనించాను.
తెల్లకణాలు. ఎన్నెన్ని!
లెక్క పందొమ్మిది వేలు దాటింది.

పాఠాల్లో వీటిని సైనికులన్నారు.
నేనెప్పుడూ ఒప్పుకోలేదు.
సైనికుడికి పో అని ఎవరో చెప్పాలి.
వీటికి ఎవరూ చెప్పరు.
నాళం గోడకు ఒరుసుకుంటూ దొర్లుతూ దొర్లుతూ
తెగినచోటి వాసన తగిలిందా,
ఆగి, అతుక్కుని,
ఒళ్లు దారమంత చేసుకుని
గోడ సందులోంచి దూరిపోతాయి.
ఒళ్లంతా ముక్కే.

పుండు తుడిచిన దూదిపుల్ల ఇంకో పలక మీద.
గుత్తులు గుత్తులుగా బుజ్జి గుండ్రాలు,
ద్రాక్షపందిరి కింద తలెత్తి చూసినట్టు.
అందమైనవే, అబద్ధమెందుకు.
చుట్టూ తెల్లకణాలు రెండో, మూడో.

ఈ ద్రాక్షగుత్తి మొదట కొట్లాటకు రాదు.
తనలోంచి ఓ చిన్న నలుసును తడిలోకి వదుల్తుంది.
అది పోయి తెల్లకణం ముక్కులో
తాళంకప్పలో విరిగిన అగ్గిపుల్లలా కూచుంటుంది.
చంపదు. కొట్టదు.
పుండు పక్కనే పారే నెత్తుట్లో, చుక్కచుక్కలో,
అన్ని వేలమంది
ఇక్కడేం లేదులే అనుకుని దాటిపోతారు.

ఆ దాటిపోవడం నాకు తెలుసు.
పోయిన నెల పొయ్యి మీద పాలు మాడి బొగ్గయి
పక్కింటి సెల్వి గోడ మీదినుంచి అరిచేదాకా
నేను ముందు గదిలో పేపరు చదువుకుంటానే ఉన్నాను.

రిపోర్టులో అంకె వేశాను.
ఎంతమంది ఉన్నారో అంకె చెప్తుంది.
చేరారా అని అడిగే గడి
ఆ కాగితంలో లేదు.

సూదులు పడ్డాక రెండో దినం
దేశమ్మ నవ్వుతా వచ్చింది. "పట్టింది మే!"
పలక నిండా చచ్చిన తెల్లకణాలు,
కడుపుల్లో మింగిన గుత్తులతో సహా.
మూసుకుపోయిన ముక్కులతో ఎట్లా వచ్చాయి?
ఒళ్లు ఒక్క వాసననే నమ్ముకోదు.
గాయం పక్కనున్న మామూలు కణాలు,
ఏ పాఠంలోనూ పేరు రానివి,
గోడ మీదినుంచి అరుస్తాయి.
ఆ కేకను అందుకునే ముక్కు వేరే ఉంది.
దాని దాకా అగ్గిపుల్ల పోలేదు.

సాయంత్రం డ్యూటీ దిగి నడిచొస్తున్నాను.
చెప్పులు నేలకు అతుక్కుని చిటుక్కుమన్నాయి.
ఈగలు ముఖానికి కొట్టుకున్నాయి.
తొక్కలు నమిలే ఎనుము ఒకటి దారికడ్డం.

ఫ్యాక్టరీ వచ్చినట్టుంది.