మూడు పాటల వరకే

బయట గ్లాస్గో ముసురు.
మొదటి మూడు పాటల వరకే అనుమతి,
ఫ్లాష్ వెయ్యకూడదు.
కంచెకీ వేదికకీ మధ్య మూరెడు సందులో
మోకాళ్ల మీద ఉనా మెకాలే.

పాడేవాడి మొహానికి మైకు అడ్డం.
డ్రమ్ముల దగ్గరి పిల్ల మీద వెలుగే పడదు,
పొగలో రెండు మణికట్లు, అంతే.

మూడోది ముగిసీ ముగియకముందే
భుజం మీద గార్డు చెయ్యి.
నాలుగో పాట
పదకొండేళ్లుగా ఆమెకి గోడ అవతలి దడదడ.

రాత్రి బస్సులో, ఒళ్లో లాప్‌టాప్.
నాలుగొందల పన్నెండులో ఆరు మిగిలాయి.
మార్చి నాటి బిల్లుకి ఇంకా జవాబు లేదు.
రేపు పైస్లీలో ఎవరిదో అరవయ్యో పుట్టినరోజు,
అక్కడైతే కేకు కోసేదాకా ఉండనిస్తారు.

ఆ మణికట్ల బొమ్మ ఎవరూ కొనరు.
చెరపబోయి, చెరపబోయి
దిగాల్సిన స్టాపు దాటేసింది.