ఫ్రిజ్ ఆగాక

టార్టు ఊళ్ళో, సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన గది.
మార్చి నెల. కిటికీ కింద ఎమాయొగి నది
పెచ్చులు పెచ్చులుగా మంచు వదులుకుంటోంది.
పదకొండు మందిమి, తొమ్మిది కుర్చీలు.
నేను నేలమీద, ఒళ్ళో నోటుబుక్కుతో.
ఈసారి మినిట్స్ రాసే వంతు నాది.

మా సాఫ్ట్‌వేర్ చేసే పని చిన్నది:
ఏ పుస్తకం ఏ అరలో ఉందో,
ఎవరు పట్టుకెళ్ళారో, ఎప్పటికి తిరిగివ్వాలో
గుర్తుపెట్టుకోవడం.
చిన్న చిన్న లైబ్రరీలకు ఊరికే ఇస్తాం.
రాసేదీ ఊరికే.
జీతం లేని చోట ఎవరి మాటా ఆజ్ఞ కాదు.
"ఇది చెయ్యాలి" అన్నామో
"అయితే చెయ్యి" అంటారు,
అక్కడితో సరి పెత్తనం.

ఆ రోజు ప్రశ్న:
పాత కంప్యూటర్లను ఇక వదిలేద్దామా?

మేం చేతులెత్తం.
ఎత్తితే లెక్క తేలుతుంది,
ఎవరు ఎవరి వైపో కూడా తేలిపోతుంది.
కళ్ళు మూసుకుని, పెదాలు కలిపి
కథ వినే పిల్లల్లా ఊఁ కొడతాం.
ఇష్టం ఎంతుంటే అంత గట్టిగా.
మొదటిసారి నాకు నవ్వాగలేదు.

"వదిలేద్దాం అనేవాళ్ళు" అన్నాడు హెల్దూర్.
గదంతా తేనెపట్టు.
టీ కప్పులో చెంచా కూడా సన్నగా మోగింది.
అందులో నా ఊఁ కూడా ఉంది.
"వద్దనేవాళ్ళు?"
మూలనున్న ఫ్రిజ్ రొద తప్ప ఏమీ లేదు.
ఎవరూ లేరు, అని రాసేశాను.

టక్కుమని ఫ్రిజ్ ఆగింది.
రొద ఆగలేదు.

విర్వె.
వోర్మ్సి దీవి నుంచి పడవెక్కి, రెండు బస్సులు మారి వచ్చిన మనిషి.
శ్రుతి కాస్త తప్పి, సన్నగా,
ఊపిరి ఉన్నంతసేపూ లాగుతూనే ఉంది.
నేను రాసింది కొట్టేశాను.

"మేం పదిమందిమి కదా" అనలేదు హెల్దూర్.
"నీకు నచ్చలేదా, నీకు సాగదా?" అనడిగాడు.
మా దగ్గర ఆ రెండూ ఒకటి కావు.

"సాగదు" అంది.
"మూడే మూడున్నాయి, బడివాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్నవి.
మీ కొత్తది వాటిమీద లేవదు.
గాలికి పడవ ఆగిన రోజున
దీవి అంతటికీ తెరిచుండేది నా గదొక్కటే."

కౌపో కప్పు కింద పెట్టాడు, కాస్త గట్టిగానే.
"ఆరేళ్ళుగా ఆ పాతవాటి జబ్బులకు
మందేసింది నా రాత్రులు.
నాకిక చేతకాదు, విర్వె."
ఆమె అతని వైపు చూసి
తలూపింది. వాదించలేదు.
అదే ఇంకా కష్టంగా అనిపించింది.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.
(మినిట్స్‌లో దానికి మాట లేదు. గీత గీశాను.)

తలుపు దగ్గర నుంచి కెర్టు,
పంతొమ్మిదేళ్ళ పిల్ల, అంతవరకూ నోరు విప్పనిది:
"రెండేళ్ళు పాతది నేను చూసుకుంటా.
విడిగా. మీరు కొత్తదానితో వెళ్ళండి."
"అర్ధరాత్రి దాటాక వస్తాయవి" అన్నాడు కౌపో.
"అప్పుడే కదా నేను లేచేది."
"మధ్యలో మానేస్తే?"
"మానేసేముందు చెబుతా."
కౌపో ఏదో అనబోయి
తన చేతుల్ని చూసుకున్నాడు.
ఆరేళ్ళలో ఆ ఒక్క మాటే
ఆయన ఎవరికీ చెప్పుకోలేకపోయాడు.

మళ్ళీ కళ్ళు మూసుకున్నాం.
ఈసారి ఊఁ అంత పెద్దది కాదు,
అడుగున కాస్త అనుమానం ఉంది.
"వద్దనేవాళ్ళు?"

ఫ్రిజ్ మళ్ళీ మొదలెట్టింది.
నేను లేచి వెళ్ళి ప్లగ్గు పీకేశాను.

నది మీద ఎక్కడో మంచు విరిగింది.
కింద కొట్లో ఎవరో గొలుసు తిప్పుతున్నారు.
విర్వె పెదాలు కదల్లేదు.
ఒప్పుకుందో, అలిసిపోయిందో,
బస్సు టైమవుతోందో.

"అభ్యంతరం వినబడలేదు" అని రాశాను.
లేదు అని రాయలేదు.

విర్వె సంచీ పట్టుకుని కౌపో బస్‌స్టాప్ దాకా వెళ్ళాడు,
దారంతా ఇద్దరూ ఇంకా వాదించుకుంటూనే.

ప్లగ్గు తిరిగి పెట్టడం మరిచాను.
మర్నాటికి పాలు విరిగాయి.
ఆ ఒక్కటీ
నేనొక్కదాన్నే తీసుకున్న నిర్ణయం.