పిడి

నా దగ్గర ముప్పై ఒక్క కత్తి ఉండాది.
ఒక్కటి కూడా మడతపడేది కాదు.
మడతకత్తి, మాట మార్చే మనిషి ఒకటే అనేవాడు
కార్వేటినగరం కమ్మరి దొరసామాచారి,
లారీ కమాను పట్టీని కొలిమిలో తిప్పుతా,
వక్కాకు ఒక దవడ నుంచి ఇంకో దవడకి మారుస్తా.

బెల్లం మండీలో గుమాస్తాని నేను.
బాకీల కోసం ఊళ్ళు తిరిగేటప్పుడు
లెక్కల పుస్తకం వెనకపేజీలో ఇంకో లెక్క:
పాకాల – చెరుకు కొట్టే మచ్చు, ముక్కు అరిగింది, అరవై రూపాయలు.
బంగారుపాళ్యం – మామిడి అంటు కట్టేది, వేలెడు.
ఇయ్యనన్నాడు. రెండేండ్లు అడిగినా.
కుప్పం అవతల – బాలింత దిండు కిందది.
“బిడ్డ నడిచినాక వచ్చి తీసకపో” అనింది అవ్వ.
నడిచినాక పోయినా.

ఊరికే ఎవరిదీ తీసుకోలేదు.
ఊరికే తీసుకున్న కత్తి చుట్టరికం తెగ్గోస్తాదంట.
చేతిలో పెట్టరు కూడా.
నేల మీద పెడతారు, మనం వంగి తీసుకోవాల.
ముప్పై ఒక్కసారి వంగినా.

మా ఇంటామె చెంగమ్మ మాత్రం
అంగట్లో కొన్న ప్లాస్టిక్ పిడి కత్తితోనే కూరలు తరుగుతాది.
“నీ వాటిల్ని పట్టుకుంటే
ఎవురి చెమటో నా చేతికి అంటుకుంటాది.”
అందుకే కదా మేయ్ తెచ్చేది, అంటా.

నడుముకి మాత్రం ఒకటే.
జానెడు చూరకత్తి. తోలు ఒర నేనే కుట్టినా.
పిడి ఎర్రచందనం.
మాధవమాలలో బొమ్మ చెక్కంగా మిగిలిన తునక.
“కట్టె మా నాయన తెచ్చింది, ఇనుము నేను సాగగొట్టింది”
అని చెప్పి ఇచ్చినాడు దొరసామాచారి.
అప్పుడది కట్టె.
ఇప్పుడది కేసు.

భాకరాపేట చెక్‌పోస్టులో బస్సు నిలిపినారు.
సంచులు తడుముతా వచ్చిన పిల్లోడు
నా నడుము కాడ ఆగినాడు.
ఒరలోంచి తీసి సీటు మీద పెట్టినా.
అంచు చూడలేదు వాడు.
మొన మీద బొటనవేలు ఆనించలేదు.
పిడిని గోరుతో గీకి, ఆ పొడిని
నా టికెట్టు వెనక రుద్దినాడు.
ఎర్రగా ఒక గీత.
పొడిచే పక్క పట్టించుకోలేదు,
పట్టుకునే పక్క నేరమైపాయ.

“ఎంతసేపప్పా, పీలేరు సంత అయిపోతాది”
వెనకసీట్లో కోళ్ళగంప ఆమె.
టీ గ్లాసుతో దిగొచ్చిన ఆఫీసరు
నన్ను చూసి, పిడిని చూసి, బస్సును చూసి అన్నాడు కదా:
“రాస్తే నాకు నాలుగు కాయితాలు, నీకు నాలుగేండ్లు.
కట్టె ఈడ పెట్టు. ఇనుము తీసకపో.”

బాట పక్కన రాయి మీద నేనే కొట్టినా.
మూడో దెబ్బకి లక్క చిట్లింది.
వాళ్ళ మేజా మీద, స్టాంపు ప్యాడు పక్కన
తెగిన బొమ్మ చెయ్యి మాదిరి పడుండాది పిడి.

కత్తికి తోక ఉంటాదని మరిచిపోయింటి.
సన్నంగా, నల్లంగా, ఎండ మొహం చూడనిది.
దాని మీద ఉలిమొనతో మూడు చుక్కలు.

దొరసామాచారి గుర్తు ఒంటిచుక్క.
మా అటక మీద అయిదుండాయి ఆయనవి, అన్నిటికీ ఒంటిచుక్కే.
మూడు చుక్కలు వాళ్ళ నాయనవి.
ఇరవై ఏండ్లు నడుముకి కట్టుకుని తిరిగినా,
చదవని అక్షరం.
అడుగుదామంటే ఆచారి పోయి ఆరేండ్లు.
ఏమని అడిగేది? నాయన పనిని
నాది అనాలని ఎవురికుండదు?

తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నా.
పీలేరు చేరేలోపల
తువ్వాలు దాటి అరచెయ్యి కోసింది,
ఇన్నాళ్ళలో మొదటిసారి.

ఇంట్లో చెంగమ్మ నా చేతికి పసుపద్ది కట్టు కట్టింది.
మిగిలిన పేలిక ఆ తోకకు చుట్టింది.
పొయ్యి దగ్గర కూచుని
బెండకాయలు తరగడం మొదలుపెట్టింది.
నేను ఊరికే చూస్తా ఉండా.
“ఇప్పుడిది ఎవురి చెమటా కాదు కదా” అనింది,
తల ఎత్తకుండా.
కొంచేపటికి మళ్ళీ,
“తెగతాది బాగా.”