రెండు వందల బార్

రాస్ అల్ ఖైమా, ఆగస్టు. గోడలకే చెమట.
"చేతిపంపు కొట్టకు లచ్చన్నా,
ఈ గాలిని పిండితే నీళ్ళొస్తయ్" అన్న.
డైవింగ్ షాపు నుంచి మోసుకొచ్చిన సిలిండరుకు
గొట్టం బిగించి
వాల్వు వెంట్రుకవాసి తిప్పిన.
తొందరపడితే ఎయిర్ రైఫిలుకు జ్వరమొస్తది,
చల్లారినంక ముల్లు మాట తప్పుతది.

రెండు వందల కాడ ఆపిన.
తెల్లారి చూస్తే పన్నెండు తక్కువ.
రాత్రంతా ఎవరితోని గుసగుసలే నీకు?

సబ్బునీళ్ళు రాసిన.
మూతికాడ ఒక్క బుడగ
ఉబ్బి
ఉబ్బి
పగిలింది.

ఉన్న గాలంతా వదిలి, విప్పితే
రబ్బరు ఉంగరం మీద సన్నని గీత,
దాని పక్కన్నే ఒక్క ఇసుక రేణువు,
ఏమెరుగనట్టు.

కొత్త ఉంగరం. గోరంత సిలికాన్ గ్రీజు.
రిజిస్టరుల సంతకం పెట్టుకుంట
సుకుమారన్ సార్ అడిగిండు: దీనికేమైంది?

కంట్లె ఎడారి పడ్డది సార్, తీసిన.